ఉభాల వేళ ఫస్ట్ డివిజన్

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన కొత్తలో నేను అక్కడి ఫుట్‌బాల్ జట్టుకి రెండో గోల్‌కీపర్ని. రెండో గోల్‌కీపర్ అంటే మొదటి గోల్‌కీపరుకి జ్వరం వస్తే ఆడేవాడు. ఆయనకి జ్వరం వచ్చేది కాదు. రెండు వానాకాలాలు నేను గీత బయట బెంచీ మీదే కూర్చున్నాను. ఉతికిన జెర్సీ వేసుకుని వెళ్లేవాణ్ణి, మడత నలగకుండా తిరిగొచ్చేవాణ్ణి. మా అమ్మ ఆ జెర్సీ చూసి, ఫుట్‌బాల్ అంటే ఒంటికి మట్టి అంటని ఆట కాబోలు అనుకునేది.

ఇది అరవైల మొదట్లో సంగతి. అప్పటికి దేశం మొత్తానికి కలిపి ఒక లీగ్ అంటూ లేదు. కలకత్తా లీగ్ ఉండేది గానీ అది మాకు అందేది కాదు, రేడియోలో వినడానికే. మాకు అందేవాటిలో అన్నిటికన్నా పైమెట్టు మా ఊరి లీగ్‌లో ఫస్ట్ డివిజన్. అది రైల్వే జట్ల సొత్తు. వర్క్‌షాపుకి ఒకటి, లోకో షెడ్డుకి ఒకటి, ట్రాఫిక్‌కి ఒకటి. అందరికీ బూట్లు, మేజోళ్లు, సగం ఆట అయ్యాక టీ, డబల్ రొట్టె. అలాంటి డివిజన్‌లోకి ఆ ఏడాది సాలువా అవతలి పల్లె జట్టు ఒకటి వచ్చింది. కింది డివిజన్‌లో అందరినీ ఓడించి వచ్చింది. పదకొండు మందిలో ముప్పాతిక మంది వరి పండించుకునేవాళ్లు. సాలువా పోలీసు క్యాంపుకి పాలు, కూరగాయలు పోసి బతికేవాళ్లు మిగిలినవాళ్లు. షాపులో ఈ కబురు చెప్పుకుని అందరూ నవ్వారు. ఎవరో ఆ జట్టుకి ‘ధాన్ పార్టీ’ అని పేరు పెట్టారు. వడ్లు పండించేవాళ్ల జట్టు అని దాని అర్థం. పేరు అంటుకుపోయింది.

ఆ జట్టు కెప్టెన్ నాకు అంతకుముందే తెలుసు. పొద్దున్నే సైకిలుకి రెండు బుట్టలు కట్టుకుని, మా క్వార్టర్లుండే న్యూ సెటిల్‌మెంట్‌లో కూరలు అమ్మేవాడు. పొడుగ్గా, నల్లగా, నా కన్నా అయిదారేళ్లు పెద్దగా ఉండేవాడు. మా వీధిలో అందరూ దాదా అనే పిలిచేవారు. తెలుగువాళ్ల గుమ్మాల్లో తిరిగి తిరిగి అతనికి కొంత తెలుగు వచ్చింది. అదంతా కూరగాయల తెలుగే. వంకాయ, బెండకాయ, లేత, ముదర, రేపు తెస్తాను. ఒకరోజు మా అమ్మకి ఆనపకాయ ఇస్తూ, గుమ్మంలో బూట్లు ఆరబెడుతున్న నన్ను చూశాడు. ఆ బూట్లు ఎండలోకి ఎందుకొచ్చాయి, అవి తడిసిందెప్పుడు అని బెంగాలీలో అడిగాడు. నాకు ఒళ్లు మండింది. అతను నవ్వలేదు. తన గోల్‌కీపరు కూలి పనికి బర్ద్వాన్ వైపు వెళ్లిపోయాడనీ, పది రోజుల్లో లీగ్ మొదలవుతుందనీ, వస్తే రోజూ ఆడొచ్చనీ చెప్పాడు.

మర్నాడు షిఫ్టు దిగి సైకిలెక్కి వెళ్లాను. వాళ్ల మైదానం ఎర్ర గులకమట్టి దిబ్బ, ఒక పక్క సాల చెట్లు. గోలు స్తంభాలు వెదురువి. మొదటి బంతికే దూకి పడితే రెండు మోచేతులూ చెక్కుకుపోయాయి. లేచి చూస్తే అందరూ ఆట ఆపి నా వైపే చూస్తున్నారు. నేను నిలబడతానో వెళ్లిపోతానో అని. బంతి విసిరి, ఊ, కానివ్వండి అన్నాను. ఆ సాయంత్రం దాదా వాళ్లమ్మ గిన్నెలో మరమరాలు, ఆవనూనె, ఉల్లిపాయ కలిపి ఇచ్చింది. ఆమెను మాసీమా, అంటే పిన్ని, అనమన్నారు. మద్రాసీ అబ్బాయి ఆవనూనె తింటాడా అని ఆమె సందేహపడింది. ఖరగ్‌పూర్‌లో పుట్టిన మద్రాసీని మాసీమా, తినకపోతే ఎలా బతుకుతాను అంటే తృప్తిగా ఇంకో గుప్పెడు వేసింది. ఇంటికొచ్చాక అమ్మ నా మోచేతులకి పసుపు, కొబ్బరినూనె రాస్తూ అడిగింది. “ఇన్నాళ్లూ ఆడినావు కదరా, ఇయ్యాల కొత్తగా ఈ దెబ్బలేటి?”

“ఇన్నాళ్లూ ఆడలేదమ్మా. ఇయ్యాలే ఆడినాను” అన్నాను.

లీగ్ మొదలైంది. మొదటి ఆటలో మాకు అయిదు గోల్స్ పడ్డాయి. రెండో దాంట్లో నాలుగు. ఫస్ట్ డివిజన్‌లో బూట్లు వేసుకుని తీరాలని నియమం. మా వాళ్లలో సగం మందికి అంతకుముందు బూట్లే లేవు. ఎక్కడెక్కడో అడిగి తెచ్చుకున్నవి ఒకరికి బిగుతు, ఒకరికి వదులు. బంతిని తన్నబోతే నేల తగిలేది. గీత బయట నుంచి జనం, పోయి దుక్కి దున్నుకోండి అని కేకలేసేవారు. ఒక ఆట అయ్యాక మా లెఫ్ట్ బ్యాక్ బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకుని, ఇవి నా మాట వినవు అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దాదా వాటిని తీసి మళ్లీ అతని కాళ్ల దగ్గర పెట్టాడు. మర్నాటి నుంచి అందరూ పొలం పనికి కూడా బూట్లతోనే రావాలన్నాడు. ఆవులు తోలేటప్పుడు, గట్లు వేసేటప్పుడు, బావి దగ్గరికి వెళ్లేటప్పుడు, అన్నిటికీ బూట్లే. పల్లెలో ముసలివాళ్లు నవ్వారు గానీ నెల తిరిగేసరికి బూట్లు మాట వినడం మొదలుపెట్టాయి. ట్రాఫిక్ వాళ్లతో డ్రా చేశాం. ఆ తర్వాత ఇంకో జట్టు మీద ఒక గోలుతో గెలిచాం. గెలిచిన రోజు నేను పూరీ గేట్ నుంచి ఇంటిదాకా సైకిలు దిగి నడుచుకుంటూ వచ్చాను. తొందరగా ఇల్లు చేరాలనిపించలేదు. దారిలో తెలిసినవాళ్లు ఎవరైనా స్కోరు అడుగుతారేమోనని.

వర్క్‌షాపులో కూడా మాటలు మారాయి. ధాన్ పార్టీ అని ఇప్పుడూ అనేవారు గానీ, ఆ అనడంలో కొంచెం మంచితనం చేరింది. మా నాన్న మాత్రం మారలేదు. ఆయన బాయిలర్ షాపులో మనిషి. తన అయ్యతో పాటు చిన్నప్పుడే శ్రీకాకుళం పల్లె వదిలి వచ్చినవాడు. కొడుకు రైల్వే జట్టు మానేసి పల్లెటూరి జట్టుకి ఆడడం ఆయనకి నచ్చలేదు. మట్టి వదిలించుకుని మనం ఇక్కడికొస్తే, నువ్వు మళ్లీ సైకిలేసుకుని మట్టిలోకి పోతన్నావు అని ఒకసారి అన్నాడు. తర్వాత ఆ ఊసెత్తలేదు. ఆటకీ ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఆషాఢమంతా మబ్బు వచ్చేది, ఉరిమేది, పోయేది. మేం ఆటలు పొడి నేల మీదే ఆడుతూ పోయాం. పల్లెలో నారుమళ్లు పచ్చగా ఎదిగి, ముదిరి, చివర్లు పసుపెక్కుతున్నాయి. నాటడానికి మళ్లలో నీళ్లు లేవు. సాధన అయ్యాక అందరం దిబ్బ మీద కూర్చుని మబ్బు కేసి చూసేవాళ్లం. నేనూ చూసేవాణ్ణి. నాకు పొలం లేకపోయినా అప్పటికి ఆ చూపు నాకూ అలవాటైంది.

చివరి ఆట ఆదివారం సాయంత్రం, లోకో జట్టుతో. డ్రా చేసినా చాలు, ఫస్ట్ డివిజన్‌లో మిగులుతాం. ఓడితే మళ్లీ కిందికే. ఆ ముందు శుక్రవారం వాన పడింది. మామూలు వాన కాదు, పొద్దుటి నుంచీ ధారగా పడుతూనే ఉంది. వర్క్‌షాపు రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి సుత్తి దెబ్బలు కూడా వినబడలేదు. నేను సంబరపడ్డాను. పక్క మెషీను మీద పనిచేసే ఆయనతో, మావాళ్లకి పండగే అని కూడా అన్నాను.

శనివారం సగం పూట పనే. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తింటుంటే దాదా వచ్చాడు. బుట్టలు లేకుండా అతను మా గుమ్మంలోకి రావడం అదే మొదటిసారి. మోకాళ్ల దాకా బురద. లోపలికి రమ్మంటే రాలేదు, అరుగు అంచున కూర్చున్నాడు. రేపటి ఆటకి జట్టు రాదని చెప్పాడు. వాళ్ల పొలాలు మెరక పొలాలు. నీళ్లు రెండు రోజులకి మించి నిలవవు. నారు అప్పటికే ముదిరింది. ఈ నీటికి నాటకపోతే ఇక ఆ ఏడు పంట లేదు. పల్లెలన్నీ ఒకేసారి నాట్లకి దిగాయి, కూలికి మనిషి దొరకడం లేదు. జట్టులో వాళ్లంతా దమ్ము పట్టాలి, నారు మోయాలి, ఆడవాళ్లతో కలిసి నాటాలి. ఆదివారం చీకటి పడేదాకా చేసినా అవుతుందో లేదో తెలియదు. లీగ్ వాళ్లకి చెప్పి, ఆడకుండానే లోకోకి వాకోవర్ ఇచ్చేస్తానన్నాడు.

ఆడమని ఏ ముఖంతో అడుగుతాను? నాకు జీతం ఉంది. నేను ఓడినా ఒకటో తారీఖుకి అన్నం ఉంటుంది. చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. దాదా కూడా నా వైపు చూడలేదు. ఈ ఒక్క ఏడైనా ఆడాం కదా, చాలు అన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమెకి బెంగాలీ అర్థమవుతుంది, మాట్లాడడం అంతంత మాత్రం. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నన్నడిగింది.

“నారెన్నాళ్లదో అడుగు.”

అడిగాను. నలభై రోజులు దాటిందన్నాడు.

“ముదిరిపోనాది. అయితే కుదురుకి ఎక్కువ మొక్కలెయ్యాల” అంది తనలో తాను. “మడెంతుందిట? మడిసికి ఎంత కాదు, అందరిదీ కలిపి.”

దాదా చేతులతో చూపిస్తూ చెప్పాడు. జట్టులో వాళ్లవన్నీ పక్కపక్కనే ఉన్న మళ్లు. అమ్మ కాసేపు పైకి చూసి ఏదో లెక్క వేసుకుంది. ఆ తర్వాత నాతో కాకుండా, నేరుగా అతనితో, తన తెలుగులోనే చెప్పింది.

“రేపు తెల్లారగట్ల మేం వత్తాం. నువ్వు మజ్జాన్నానికి నీ ఆటకెల్లిపో.”

దాదాకి అర్థమైంది. అయినా అర్థం కానట్టు నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. మా అమ్మ పొలంలో దిగగా నేనెప్పుడూ చూడలేదు. పెళ్లయి ఖరగ్‌పూర్ వచ్చేదాకా తన ఊళ్లో ప్రతి వానాకాలం ఉభాలకి వెళ్లేదని, నాట్లని ఆ ఊళ్లో అలాగే అంటారని, ఎప్పుడో విన్నాను. అంతే. అది నాకు వేరే ఎవరి సంగతో అన్నట్టుండేది.

మేం అంటే ఎవరో సాయంత్రానికి తెలిసింది. అమ్మ మా వరస క్వార్టర్లన్నీ తిరిగి వచ్చింది. అక్కడి ఆడవాళ్లలో చాలామంది అటు శ్రీకాకుళం, ఇటు విజయనగరం పల్లెల నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లే. పక్కింటి పిన్ని, కుళాయి దగ్గరి అత్త, ట్రాఫిక్‌లో పనిచేసే ఆయన భార్య, ఇంకా ఇద్దరు ముగ్గురు. అందరికీ ఆ పని చేతుల్లో ఉంది. ఎవరూ ఇరవై, పాతికేళ్లుగా చెయ్యలేదు. నాన్నకి తెలిసి కోపం వచ్చింది.

“రైల్వేవోడి పెల్లాం పరాయోల్ల మడిలో దిగుతాదా? నలుగురూ ఏటనుకుంతారు?”

అమ్మ బియ్యం చెరుగుతూ ఉంది. చెరగడం ఆపలేదు.

“ఏటనుకుంతారు. ఉభాలు వచ్చునని అనుకుంతారు” అంది. మెరికలు ఏరి పడేస్తూ, “పాతికేళ్లు నాలుగ్గోడల మధ్యనున్నాను. నాకొచ్చిన పనొకటి, దాని ఊసు ఇక్కడ ఎవులూ అడగలేదు. ఇయ్యాల ఆ కూరల గుంటడు నా గుమ్మంలో కూకుని, పని సేసేవోల్లు లేరంతన్నాడు. ఎల్లొద్దంతావేటి?” అంది.

నాన్న బయటికి వెళ్లి చాలాసేపు సైకిలు తుడిచాడు.

తెల్లవారుజామున వాళ్లంతా బయల్దేరారు. న్యూ సెటిల్‌మెంట్ నుంచి ఆ పల్లెకి నడక తక్కువేం కాదు. సాలువా రోడ్డు మీద చీరలు మోకాళ్ల పైకి దోపుకుని, మాట్లాడుకుంటూ నవ్వుకుంటూ నడిచారు. మా అమ్మ అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు. నేను సైకిలు పక్కన నడిపించుకుంటూ వెనకపడ్డాను.

పల్లె ఆడవాళ్లు మమ్మల్ని చూసి మొదట నమ్మలేదు. పట్నం వాళ్లు సరదాకి వచ్చారనుకున్నారు. మాసీమా మాత్రం మా అమ్మని పై నుంచి కిందికి చూసి, ఒక నారుకట్ట అందించింది. అమ్మ మడిలో దిగి, బురదలో కాళ్లు కుదురుకునేదాకా ఒక్క క్షణం అలా నిలబడింది. తర్వాత వంగింది. ఎడమచేతిలో కట్ట, కుడిచేతి వేళ్లు దాంట్లోంచి మొక్కలు తీయడం, గుచ్చడం, ఒక అడుగు వెనక్కి. అంత తేలిగ్గా, అంత వరసగా. నేను గట్టు మీద నారు మోసే పని మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. దాదా వచ్చి భుజం తట్టాడు. అతనూ అటే చూస్తున్నాడు.

మా వీధి ఆడవాళ్లు పని మీద పాట ఎత్తుకున్నారు. తమ ఊళ్లలో పాడుకునేదేదో. మాటలు మరిచిపోయిన చోట ఒకరికొకరు అందించుకున్నారు. ఆ మడి చివర పల్లె ఆడవాళ్లు తమ పాట మొదలుపెట్టారు. రెండూ కాసేపు ఒకదాని మీద ఒకటి పడి గందరగోళమైంది. అందరూ వంగి ఉండే నవ్వారు. తర్వాత ఒకరు ఆపాక ఇంకొకరు పాడడం అలవాటైంది. ముదిరిన నారుని కుదురుకి ఎన్ని మొక్కలు వెయ్యాలన్న దాని మీద అమ్మకీ మాసీమాకీ చిన్న వాదన జరిగింది. ఒకరు తెలుగులో, ఒకరు బెంగాలీలో. వేళ్లు చూపించుకుని రాజీపడ్డారు.

పొద్దు నడినెత్తికి ఎక్కే వేళకి గట్టు మీద సైకిలు గంట వినబడింది. మా నాన్న. హ్యాండిలుకి ఒక వైపు గంజి డబ్బా, ఇంకో వైపు ఉల్లిపాయల సంచీ. అమ్మ నడుం పట్టుకుని నిటారుగా నిలబడి ఆయన్ని చూసింది. ఆయన డబ్బా దించి, ఎవరితోనో అన్నట్టు, “గంజి సల్లారిపోతాది, రండి” అన్నాడు. మేమంతా తాగాక ఆయన చెప్పులు విప్పి, పంట్లాం మడిచి, నారుకట్టలు అందించడానికి దిగాడు. దిగగానే మొదటి అడుగుకే జారి కూర్చున్నాడు. పల్లె ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. అమ్మ తిప్పుకోలేదు, హాయిగా నవ్వింది.

ఆఖరి మడి ఇంకో పావు వంతు ఉండగా అమ్మ మమ్మల్ని పొమ్మంది. జట్టులో వాళ్లు పిల్లకాలవలో కాళ్లు కడుక్కుని, బూట్లు మెడలో వేసుకుని సైకిళ్లెక్కారు. ఇద్దరికొక సైకిలు.

రైల్వే మైదానం నీళ్లలో నానిపోయి ఉంది. మధ్యలో చిన్న చిన్న మడుగులు. ఆట మొదలైన కాసేపటికే లోకో వాళ్లు గోలు వేశారు. తడిసిన తోలు బంతి నా చేతుల్లోంచి సబ్బులా జారింది. లెఫ్ట్ బ్యాక్ వచ్చి తన చొక్కాకి నా చేతులు తుడిచి వెళ్లాడు. పొద్దుటి నుంచీ నడుం వంచి పనిచేసిన మనుషులు, ఎంతసేపు పరిగెత్తగలరు అని నాకు భయంగా ఉంది. కానీ ఆ నేల వాళ్లకి తెలిసిన నేల. లోకో వాళ్లు పరిగెత్తబోయి జారుతున్నారు, ఆగబోయి పడుతున్నారు. మా వాళ్లు జారడం లేదు. అడుగు తీసి అడుగు వేస్తున్నారు, అంతే.

రెండో సగంలో మా వైపు నుంచి ఒక బంతి ఎత్తుగా లేచింది. లోకో బ్యాకు అది కిందపడి ఎగురుతుందని నాలుగడుగులు వెనక్కి వేసి కాచుకున్నాడు. దాదా మాత్రం ఆగకుండా మడుగు దగ్గరికి నడిచాడు. ఎగరదని అతనికి తెలుసు. బంతి ఆ నీళ్లలో పడి అక్కడే నిలిచిపోయింది. అతను నీళ్లతో సహా దాన్ని తన్నాడు. గోల్‌కీపరు కళ్లలోకి బురద, వలలోకి బంతి.

ఆ తర్వాతంతా నా గోలు ముందే ఆట. ఎన్నిసార్లు పడ్డానో గుర్తులేదు. ఒకసారి బంతి గీత మీద బురదలో కూరుకుని ఆగిపోతే రెండు జట్ల కాళ్లూ దాని మీదికి వచ్చాయి. నేను దాని మీద బోర్లా పడుకున్నాను. ఎవరి బూటో చెవి పక్కన దిగింది. రెఫరీ ఈల వేశాక కూడా లేవలేదు. అప్పుడు గోలు వెనక నుంచి, “నాయినా, దెబ్బ తగిలినాదేటి?” అని వినబడింది.

తల తిప్పి చూశాను. అమ్మ. పక్కన మాసీమా. వెనకాల మా వీధి ఆడవాళ్లు, పల్లె ఆడవాళ్లు, చీరలకి బురద ఆరి గట్టిపడి ఉంది. నాన్న సైకిలు పట్టుకుని కాస్త దూరంగా నిలబడ్డాడు. మడి పూర్తయిందా అని అడిగాను. అయినాది, నువ్వు లెగు అంది.

ఆట ఒకటి ఒకటితో ముగిసింది. పరుగెత్తుకొచ్చి ఎత్తుకునే ఓపిక ఎవరికీ లేదు. అందరం ఉన్నచోటే కూర్చున్నాం. దాదా వచ్చి మా అమ్మ కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగి, ఆ కాళ్ల నిండా మీ మడి మట్టే, దానికి దణ్ణం పెట్టుకో అంది. నేను అతనికి అర్థం చెప్పాను. అందరూ నవ్వారు. లోకో జట్టు కెప్టెన్ తమ వంతు డబల్ రొట్టెలు తెచ్చి ఆడవాళ్లకి పంచాడు.

ఆ నాట్లు బతికాయి. మార్గశిరంలో కోతలయ్యాక దాదా తన కూరల బుట్ట నిండా కొత్త బియ్యం, కొత్త ఖర్జూర బెల్లం తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. ఆ వరసలో సాయం వచ్చిన ప్రతి ఇంటికీ పెట్టాడు. ధాన్ పార్టీ ఇంకో మూడేళ్లు ఫస్ట్ డివిజన్‌లో ఆడింది. ఎప్పుడూ పైకి రాలేదు, అట్టడుగుకి కొంచెం పైనే ఉండేది. తర్వాత దిగింది. దిగిన ఏడు కూడా సాధనకి అందరం వచ్చాం. మళ్లీ ఎక్కొచ్చు కదా అని ఎవరో అంటే, ఆ మాట ఎవరికీ వింతగా తోచలేదు.

నాకు ఎక్కువ గుర్తుండేది మాత్రం రెండో ఏడు లీగ్ మొదటి రోజు. మేం మైదానంలోకి దిగుతుంటే గీత పక్కన గోనెపట్టా పరుచుకుని అమ్మ, మాసీమా కూర్చుని ఉన్నారు. నాన్న వెనకాల నిలబడి, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఎవరికో గట్టిగా తప్పు చెబుతున్నాడు. వాళ్లిద్దరూ ఆట వైపు చూడడం లేదు. ఒకరు తెలుగులో, ఒకరు బెంగాలీలో, ఈసారి ఏ రకం విత్తనం చల్లితే మంచిదో మాట్లాడుకుంటున్నారు. మబ్బు పట్టి ఉంది. రెఫరీ ఈల వేశాడు.